మెత్తని దెబ్బ!

బంతిని బలంగా బాదడం కుర్రాళ్ల పని. అదే బంతిని నెట్ అవతల ప్రాణం లేనట్టు వదిలేయడం అనుభవం చేసే పని. సరదాగా సింగిల్స్ ఆడేవాళ్లకు డ్రాప్ షాట్ ఓ వరం. వాడటం తెలియకపోతే మాత్రం అదే శాపం!

ఉదయం ఆరు గంటలు. ప్రొద్దుటూరులోనో కడపలోనో ఓ మట్టి కోర్టు. నీళ్లు చల్లారు. సున్నంతో గీతలు గీశారు. ఒకవైపు యాభై దాటిన తండ్రి, మరోవైపు ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు ఆడుతున్నారనుకుందాం.

కొడుకు బాదుడు మామూలుగా లేదు. బంతి వచ్చిందంటే చాలు, రాకెట్ గిర్రున తిరుగుతోంది. తండ్రి ఎలాగోలా అడ్డం పెట్టి అవతలికి పంపుతున్నాడు. కొడుక్కి ధీమా పెరిగింది. బేస్‌లైన్‌కు రెండడుగులు వెనక్కి జరిగి మరీ కొడుతున్నాడు. ఇంతలో ఓ బంతి కాస్త పొట్టిగా పడింది. తండ్రి ముందుకొచ్చాడు, రాకెట్ పైకెత్తాడు. లోతుగా వస్తుందని కొడుకు మరో అడుగు వెనక్కి వేశాడు. కానీ బంతి రాలేదు. నెట్‌ను దాటి అక్కడే చతికిలబడింది. కొడుకు పరుగెత్తుకొచ్చేసరికి రెండోసారి నేల తాకేసింది.

‘‘ఇదేం ఆట నాయనా? చేతనైతే గట్టిగా కొట్టు!’’

‘‘గట్టిగా కొట్టే వయసు నీది. చూసి వేసే వయసు నాదిరా!’’

టెన్నిస్ ఆడే ఏ ఊళ్లోనైనా ఇలాంటి మాటలు వినిపిస్తాయి. డ్రాప్ షాట్‌ను దొంగదెబ్బ అనేవాళ్లున్నారు, చేతగానివాడి ఆట అనేవాళ్లూ ఉన్నారు. నిజానికి టెన్నిస్‌లో అతి కష్టమైన దెబ్బల్లో ఇదొకటి. బలం అక్కర్లేదు కాబట్టి తేలికనుకుంటాం. బలంతో కప్పిపుచ్చుకునే వీల్లేదు కాబట్టే అది కష్టం. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో తూకం వేసినంత కచ్చితంగా ఉండాలి. కాస్త తగ్గితే బంతి నెట్‌లో పడుతుంది. కాస్త పెరిగితే ప్రత్యర్థికి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టవుతుంది.

రెండు సెకన్ల లెక్క

ముందు కోర్టు కొలతలు చూద్దాం. నెట్ నుంచి బేస్‌లైన్‌కు 39 అడుగులు. సర్వీస్ లైన్ 21 అడుగుల దగ్గర ఉంటుంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. నెట్ ఎత్తు మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు. ఈ అంకెల్లోనే డ్రాప్ షాట్ రహస్యమంతా ఉంది.

ప్రత్యర్థి బేస్‌లైన్‌కు మూడడుగులు వెనక ఉన్నాడంటే, నెట్‌కు 42 అడుగుల దూరంలో ఉన్నట్టు. మీ బంతి నెట్ దాటాక ఆరడుగుల్లోపే పడిందనుకోండి. రెండోసారి నేల తాకేలోపు అందుకోవాలంటే అతడు దాదాపు 30 అడుగులు ముందుకు రావాలి. మరి అతడికి ఉన్న సమయమెంత?

మీ బంతి గాల్లో ఆరున్నర అడుగుల ఎత్తు వరకు వెళ్లి దిగిందంటే, మీ రాకెట్ నుంచి బయల్దేరి రెండోసారి నేల తాకడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. అందులో ఇది డ్రాప్ షాట్ అని గ్రహించడానికే కొంత సమయం పోతుంది. మిగిలిన సమయంలో 30 అడుగులంటే పాతికేళ్ల కుర్రాడికీ గగనమే. అదే బంతిని మరో మూడడుగులు పైకి లేపారనుకోండి. అది పైకి లేచి కిందికి దిగడానికి, ఎగిరి మళ్లీ పడటానికి దాదాపు అర సెకను ఎక్కువ పడుతుంది. ఆ అర సెకను చాలు, ప్రత్యర్థి తీరిగ్గా వచ్చి మీ పక్క నుంచి కొట్టేస్తాడు. అందుకే మంచి డ్రాప్ షాట్ నెట్‌ను రాసుకుంటూ పోనక్కర్లేదు కానీ, ఆకాశంలోకీ వెళ్లకూడదు. నెట్ మీద ఒకటి రెండడుగుల ఎత్తులో దాటాలి. బంతి చేరే గరిష్ఠ ఎత్తు మీవైపే ఉండాలి. నెట్ దాటేటప్పటికి అది కిందికి దిగుతుండాలి.

షటిల్ చెయ్యి వేరు

మనలో చాలామంది టెన్నిస్‌కు షటిల్ కోర్టు నుంచి వచ్చినవాళ్లే. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక ఊరూరా షటిల్ రాకెట్లు కనిపించాయి. అక్కడ డ్రాప్ అంటే మణికట్టు విరుపు. కోర్టు చివరి నుంచైనా వేయొచ్చు. షటిల్ నేల తాకితే పాయింటు అయిపోతుంది కాబట్టి దానికి రెండో అవకాశం ఉండదు.

టెన్నిస్‌లో అలా కుదరదు. బంతి ఎగురుతుంది. కొత్త టెన్నిస్ బంతిని 100 అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 53 నుంచి 58 అంగుళాల వరకు ఎగరాలన్నది నిబంధన. అంటే సగానికి పైగా తిరిగి లేస్తుంది. అంత చురుకైన బంతిని నేల మీద చంపాలంటే మణికట్టు విదిలిస్తే సరిపోదు. బంతికి వెనక్కి తిరిగే సుడి ఇవ్వాలి. అది నేలను తాకగానే ముందుకు దూకకుండా ఆగిపోవాలి. షటిల్ అలవాటుతో బేస్‌లైన్ వెనక నుంచి డ్రాప్ ప్రయత్నించేవాళ్లు పాయింట్లు పోగొట్టుకునేది ఇందుకే.

అయితే సరదా ఆటగాళ్లకు ఓ అనుకూలత ఉంది. మనం ఆడేవి చాలాసార్లు పాత బంతులే. డబ్బా తెరిచి వారాలు దాటాక బంతిలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. అలాంటి బంతి తక్కువ ఎగురుతుంది, డ్రాప్ షాట్‌కు బాగా కలిసొస్తుంది. తెల్లవారుజామున చల్లదనానికి కూడా బంతి మందకొడిగా ఉంటుంది. అదే కడప ఎండలో, పదిగంటల వేళ, సిమెంటు కోర్టు మీద అదే దెబ్బ వేసి చూడండి. బంతి నడుము దాకా లేచి ‘కొట్టుకో’ అంటూ నిలబడుతుంది. నీళ్లు చల్లిన మట్టి కోర్టు డ్రాప్ షాట్‌కు పుట్టిల్లు. ప్రత్యర్థికి కాలు జారుతుంది కాబట్టి వేగంగా బయల్దేరలేడు కూడా.

ఎప్పుడు వేయాలి?

డ్రాప్ షాట్ నేర్చుకోవడం కన్నా ఎప్పుడు వేయాలో తెలుసుకోవడం ముఖ్యం.

మీరు బేస్‌లైన్ లోపల ఉన్నప్పుడు వేయండి. బంతి ప్రయాణించే దూరం తగ్గేకొద్దీ ప్రత్యర్థికి సమయమూ తగ్గుతుంది. మీ బంతి 60 అడుగులు పోవాల్సి వస్తే అది డ్రాప్ షాట్ కాదు, దానం.

ప్రత్యర్థి బేస్‌లైన్ వెనక ఉన్నప్పుడు, లేదా పక్కకు లాగబడి ఇంకా కోలుకోనప్పుడు వేయండి. రెండు మూడు లోతైన బంతులతో అతణ్ని వెనక్కి నెట్టాక వేస్తే దాని విలువే వేరు.

గాలి మీకు ఎదురుగా వీస్తుంటే వేయండి. గాలి బంతిని ఆపి కిందికి దించుతుంది. వెనక నుంచి వీస్తుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. బంతిని అదే మోసుకెళ్లి ప్రత్యర్థి ముందు పెడుతుంది.

రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ ఆడేవాళ్ల మీద, నేలబారు బంతులంటే ఇబ్బంది పడేవాళ్ల మీద వేయండి. వంగి, ముందుకు సాగి, ఒంటి చేత్తో అందుకోవడం వారికి అలవాటుండదు.

ఇక వేయకూడని వేళలు. మీరు పరుగెడుతూ ఉన్నప్పుడు వద్దు. వేగంగా, లోతుగా వచ్చిన బంతి మీద వద్దు. అన్నిటికన్నా ముఖ్యం... భయం వేసినప్పుడు వద్దు. స్కోరు 30-40 ఉంటుంది, చెయ్యి బిగుసుకుంటుంది. ‘ఈ ర్యాలీ ఎలాగోలా అయిపోతే బాగుండు’ అనిపిస్తుంది. అప్పుడే చాలామంది డ్రాప్ షాట్ వేస్తారు. అది ఎత్తుగడ కాదు, తప్పించుకునే దారి. అలాంటివి ఎక్కువగా నెట్‌లోనే పడతాయి. సరదా ఆటగాళ్లు డ్రాప్ షాట్‌తో పోగొట్టుకునే పాయింట్లలో సింహభాగం ఇలాంటివే.

మరో సంగతి. మైదుకూరు దాటి బ్రహ్మంగారిమఠం వైపు వెళ్తే ఏ నోట విన్నా కాలజ్ఞానం మాటే. ఏం జరిగినా ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు’ అంటాం. మీ డ్రాప్ షాట్ విషయంలో మీ ప్రత్యర్థికి ఆ కాలజ్ఞానం రాకూడదు! ప్రతి పొట్టి బంతికీ డ్రాప్ వేస్తే మూడో గేముకల్లా మీరు రాకెట్ ఎత్తగానే అతడు పరుగు మొదలెడతాడు. గేముకు ఒకటి, మహా అయితే రెండు. మిగతా పొట్టి బంతుల్ని లోతుగా కొట్టండి. డ్రాప్ పడుతుందేమోనని అతడు ఓ అడుగు ముందుకు జరిగి నిలబడ్డాడంటే మీ మామూలు బంతులు కూడా అతడికి లోతుగా అనిపిస్తాయి. వేయని డ్రాప్ షాట్ కూడా పాయింటు తెస్తుందంటారు అందుకే.

చెయ్యి ఎలా తిరగాలి?

రాకెట్‌ను సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. టెన్నిస్ భాషలో కాంటినెంటల్ గ్రిప్. మామూలు స్లైస్ కొట్టబోతున్నట్టే భుజం తిప్పి, రాకెట్‌ను పైకి తీసుకెళ్లాలి. ప్రత్యర్థి చూసేది దీన్నే. ఇక్కడ తేడా కనిపిస్తే మిగతాదంతా వృథా. రాకెట్ పై నుంచి కిందికి వస్తూ బంతి అడుగుభాగం కిందుగా జారాలి. తగిలే క్షణంలో పట్టు సడలించాలి. పిడికిలి బిగిస్తే బంతి దూరం పోతుంది. వదులుగా ఉంటే ఆ వేగాన్ని చెయ్యి తాగేస్తుంది. గాల్లోంచి పడుతున్న కోడిగుడ్డును పగలకుండా పట్టుకోవాలంటే చేతిని ఎలా వెనక్కి తీసుకుంటాం? ఇదీ అంతే. కొట్టాక రాకెట్‌ను అక్కడే ఆపేయకుండా కొంచెం ముందుకు పోనివ్వాలి. భయంతో ఆపేస్తే బంతి నెట్ దాటదు.

సాధనకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. సర్వీస్ లైన్ దగ్గర నిలబడండి. బంతిని మీరే వదిలి, అవతలి సర్వీస్ బాక్సులోకి వేయండి. సర్వీస్ లైన్ దాటకుండా బంతి మూడుసార్లు ఎగిరిందంటే మీ చెయ్యి కుదిరినట్టే. తర్వాత ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ ప్రయత్నించండి. మీ గురి ఎక్కడ తప్పుతోందో అక్కడ ఆగండి. మ్యాచ్‌లో అంతకన్నా వెనక నుంచి డ్రాప్ వేయొద్దు. మీ హద్దు అదే.

ఇద్దరుంటే ఇంకో ఆట ఉంది. కేవలం సర్వీస్ బాక్సుల్లోనే, గట్టిగా కొట్టకుండా పదకొండు పాయింట్లకు ఆడటం. పిల్లలతో ఆడితే నవ్వులే నవ్వులు. చేతికి మెత్తదనం అబ్బేది ఇలాంటి ఆటలోనే.

వేసి నిలబడితే మునిగినట్టే!

మంచి డ్రాప్ షాట్ వేసి, దాన్ని చూసి మురిసిపోతూ బేస్‌లైన్ దగ్గరే నిలబడటం... కొత్తవాళ్ల పెద్ద తప్పు ఇది. ప్రత్యర్థి బంతిని అందుకున్నాడంటే అతడి ముందున్న తేలికైన దారి మళ్లీ నెట్ దగ్గరే వేయడం. అందుకే డ్రాప్ వేయగానే మీరూ రెండు మూడడుగులు ముందుకు రావాలి. నెట్‌కు మరీ అతుక్కుపోవద్దు, తల మీదుగా లాబ్ వేస్తాడు.

అతడు పరుగెత్తుకొచ్చి కింది నుంచి బంతిని లేపాడంటే అది చాలావరకు నెమ్మదిగా, ఎత్తుగా వస్తుంది. అప్పుడు ఖాళీ వైపు కొట్టండి. లేదా తల మీదుగా వేసేయండి. డ్రాప్, ఆ వెంటనే లాబ్... ఇది పాత మంత్రమే. ముందుకు పరుగెత్తి ఆగలేనివాడు వెనక్కి తిరిగి మళ్లీ పరుగెత్తాలి. అంటే డ్రాప్ షాట్‌తో పాయింటు అక్కడికక్కడే రావాలని లేదు. నెట్ దగ్గరికి రావడం ఇష్టం లేనివాణ్ని అక్కడికి లాక్కురావడమే సగం విజయం.

నాదల్ అడుగుపెట్టిన నేల

టెన్నిస్‌కూ మన సీమకూ సంబంధమేమిటని అనుకోనక్కర్లేదు. కడపకు పొరుగునే ఉన్న అనంతపురంలో 2010 అక్టోబరులో స్పెయిన్ వీరుడు రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి టెన్నిస్ పాఠశాల ప్రారంభించాడు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌తో కలిసి, నాదల్ ఫౌండేషన్ దాన్ని చేపట్టింది. పల్లె పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటర్ నేర్పించడం దాని ఉద్దేశం. ఫ్రెంచ్ ఓపెన్‌ను 14 సార్లు గెలిచిన నాదల్ 2024లో ఆటకు వీడ్కోలు పలికాడు. కానీ కరవు సీమ పిల్లల చేతుల్లోకి టెన్నిస్ రాకెట్ వచ్చిన రోజుగా ఆ అక్టోబరు గుర్తుండిపోయింది.

నాదల్ పెరిగింది మట్టి కోర్టుల మీద. మట్టి మీద బలం ఒక్కటే చాలదు. ఎంత గట్టిగా కొట్టినా నేల ఆ వేగాన్ని కొంత మింగేస్తుంది. అందుకే అక్కడివాళ్లు చేతి నేర్పుకు పెద్దపీట వేస్తారు. స్పెయిన్‌కే చెందిన కార్లోస్ అల్కరాజ్ డ్రాప్ షాట్‌ను మళ్లీ ఫ్యాషన్ చేశాడు. 2022లో 19 ఏళ్లకే యూఎస్ ఓపెన్ గెలిచిన అతడు, 2023 వింబుల్డన్ ఫైనల్లో జకోవిచ్ మీద ఐదో సెట్ చివరి గేములో కూడా ఆ దెబ్బను వదల్లేదు. అల్కరాజ్ ఫోర్‌హ్యాండ్‌కు భయపడి ప్రత్యర్థులు వెనక్కి వెళ్తారు. వెనక్కి వెళ్లారు కాబట్టే డ్రాప్ పండుతుంది. మహిళల్లో ట్యునీషియా క్రీడాకారిణి ఓన్స్ జాబెర్ ఇదే నేర్పుతో 2022, 2023ల్లో వరుసగా వింబుల్డన్ ఫైనల్ చేరింది.

మనవాళ్లకూ ఈ విద్య కొత్త కాదు. 1960, 1961ల్లో వింబుల్డన్ సెమీఫైనల్ ఆడిన రామనాథన్ కృష్ణన్‌కు పేరు తెచ్చింది బలం కాదు, చేతి నేర్పే. ఆ తర్వాత కాలం మారింది. 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచాక ఆమె ఫోర్‌హ్యాండ్‌ను చూసి పిల్లల్ని కోర్టుకు తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఎందరో. నెల్లూరు మూలాలున్న అమెరికా కుర్రాడు నిశేష్ బసవరెడ్డి 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్ నుంచి తొలి సెట్ లాక్కుంటే ఇక్కడ మనం సంబరపడ్డాం. ఇలాంటి విజయాలు చూసి పిల్లలు ముందుగా బలం నేర్చుకుంటారు, తప్పులేదు. మెత్తదనం కూడా నేర్పితే ఆట పూర్తవుతుంది.

‘రెండుసార్లు పడింది!’

సరదా మ్యాచ్‌లకు అంపైర్ ఉండడు. డ్రాప్ షాట్ పడిన ప్రతిసారీ పేచీ మాత్రం ఉంటుంది. బంతి రెండోసారి నేల తాకకముందే కొట్టాడా, తాకాక కొట్టాడా? ఈ విషయంలో నిర్ణయం పరుగెత్తుకొచ్చి కొట్టినవాడిదే. తనకు తెలిసీ బంతి రెండుసార్లు పడితే ఆ మాట అతడే చెప్పాలి. పాయింటు నడుస్తుండగా రాకెట్‌గానీ, ఒళ్లుగానీ, బట్టలుగానీ నెట్‌కు తగిలితే పాయింటు పోయినట్టే. దాన్నీ తానే ఒప్పుకోవాలి. వేగంగా వచ్చి ఆగలేక నెట్‌ను తాకడం డ్రాప్ షాట్ దగ్గర మామూలే.

ఓ తమాషా నిబంధన కూడా ఉంది. సుడి బాగా తిరిగిన బంతి ఒక్కోసారి అవతల పడి, తిరిగి నెట్ మీదుగా వేసినవాడి వైపే వచ్చేస్తుంది. అప్పుడు ప్రత్యర్థి నెట్ మీదుగా రాకెట్ చాచి దాన్ని కొట్టొచ్చు. నెట్‌ను మాత్రం తాకకూడదు. కొట్టలేకపోతే పాయింటు వేసినవాడిదే.

మోకాళ్లూ మ్యాచ్‌లో ఉన్నాయి!

డ్రాప్ షాట్ వేసేవాడికి సుఖం, అందుకునేవాడికి కష్టం. నిలబడిన చోటు నుంచి ఒక్కసారిగా పరుగు, వెంటనే ఆగడం, వంగడం... పిక్క కండరాలు, మడమ వెనక ఉండే నరంలాంటి గట్టి కండ, మోకాళ్లు అన్నిటి మీదా భారం పడుతుంది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం మాత్రమే ఆడేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. అందుకే ఆటకు ముందు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, ఒళ్లు వేడెక్కాక చిన్న చిన్న వేగపు పరుగులు తీయండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు సింగిల్స్ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగడం మంచిది. ఆటలో ఛాతీలో బరువుగా ఉన్నా, ఊపిరి అందకపోయినా పాయింటు పూర్తి చేయాలని చూడొద్దు. వెంటనే ఆగిపోవాలి.

అన్ని డ్రాప్ షాట్లనూ వెంటాడాల్సిన పనీ లేదు. అందదనిపిస్తే చేయి ఊపి, ‘బాగుంది’ అనేయండి. ఒక పాయింటు పోతుంది. ఆరు వారాల మంచం తప్పుతుంది.

మరి మోకాలి నొప్పి ఉన్న స్నేహితుడి మీద డ్రాప్ షాట్ వేయొచ్చా? నిబంధన ఒప్పుకుంటుంది. స్నేహం ఒప్పుకుంటుందా? టోర్నమెంటైతే అది వేరే సంగతి. రేపు ఉదయం కూడా అతడే మీతో ఆడాలనుకుంటే మాత్రం ముందే ఓ మాట అనుకోవడం మంచిది. ఊళ్లో సింగిల్స్ ఆడే జోడీ దొరకడమే కష్టం. ఉన్న ఒక్కణ్నీ కుంటివాణ్ని చేసుకుని గెలిచేదేముంది?

మళ్లీ మన మట్టి కోర్టుకే వద్దాం. ఎండెక్కుతోంది. చివరి గేము. తండ్రి లోతుగా కొట్టి, కాస్త ఊపిరి పీల్చుకుందామని బేస్‌లైన్ వెనక్కి వెళ్లాడు. కొడుకు ముందుకొచ్చాడు. మళ్లీ బాదుతాడనుకున్నాడు తండ్రి. రాకెట్ పైకి లేచింది. చెయ్యి మెత్తబడింది. బంతి నెట్ దాటి అక్కడే కూర్చుంది. తండ్రి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

‘‘ఎక్కడ నేర్చుకున్నావురా?’’

‘‘నీ దగ్గరే నాయనా!’’

ఓడిపోయినందుకు ఆ ఉదయం తండ్రికి బాధేమీ కలగలేదు.